తడి సీట్లు

ఇరవై రెండు వేసవులు
ఈ పసుపు బస్సును కొండ మీదికి తోలాను.
పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు,
కనుచూపు అందని ప్రతి చోటా మూడు స్వరాల హారన్,
పైన చివరి స్టాపులో ఒక చెక్క బోర్డు:
సరస్సుకి నడక, నలభై నిమిషాలు.
నాకు అక్కడ ఆగే వీలు తొమ్మిది నిమిషాలు.

తొమ్మిది నిమిషాల్లో ఏం చూస్తావు?
ఫ్లాస్కు మూతలో కాఫీ,
టైర్ల మీద ఎండుతున్న బురద,
రోజూ చూసే నన్ను
ఎన్నడూ చూడనట్టు నెమరేసే ఒక ఆవు.

సరస్సుని నేను
దిగివచ్చేవాళ్ళ ఒంటి మీద చదివాను.
పొద్దున నోటినిండా మాటలతో ఎక్కినవాళ్ళు
సాయంత్రానికి జుట్టు కొసల నీళ్ళు కారుతూ,
ఏదో అప్పగించి వచ్చినట్టు
మెత్తగా కూలబడేవాళ్ళు.
సీట్లు తడిసిపోయేవి.
మొదట్లో కసిరేదాన్ని: తువ్వాలు వేసుకు కూచోండయ్యా!
పోనుపోను, ఆఖరి ట్రిప్పు అయ్యాక,
డిపోలో లైట్లు ఆర్పేముందు
ఆ తడి మీద అరచెయ్యి ఆనించి చూసేదాన్ని.
లార్చ్ చెట్ల సూదులు, నాచు పోగు, సన్నని ఇసుక.
చల్లదనం మాత్రం అప్పటికే దిగి వెళ్ళిపోయేది.

మరిచిపోయిన సామాన్ల పెట్టెలో
ఒంటికాలి చెప్పులు ఏడు,
ఈత కళ్ళద్దాలు,
ఎవరి పిల్లదో, సరస్సు బొమ్మ ఒకటి.
నీలం రంగు అయిపోయినట్టుంది పాపం,
సగం నుంచి ఆకుపచ్చ వేసింది.
"పారెయ్, మెంగియా, దీనికోసం ఎవరొస్తారు?" అన్నాడు గియాకెన్.
పారెయ్యలేదు.
బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను.

వెళ్ళొచ్చుగా అంటారు.
మా లోయలో నీళ్ళంటే
ఆవులు తాగేవి, మంచు కరిగినప్పుడు గడప దాటి వచ్చేవి.
వాటిలోకి సరదాగా దిగడం పైవాళ్ళ పని.
యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ఈత రాదు నాకు.

పోయిన చలికాలం, మంగళవారం మంగళవారం,
కింద టౌనులో, క్లోరిన్ వాసన కొట్టే కొలనులో,
పళ్ళూడిన ఆరేళ్ళ పిల్లల వరసలో నిలబడ్డాను.
నేర్పేవాడు కొరసిన్.
చిన్నప్పుడు నా బస్సులో
ఐదో మలుపు రాగానే వాంతి చేసుకునేవాడు.
ఇప్పుడు నా వీపు కింద అరచెయ్యి పెట్టి
"వదిలెయ్యండి, మెడ వదిలెయ్యండి" అంటాడు.
ఏ రోజు చెయ్యి తీసేశాడో
నాకు చెప్పలేదు.

సెప్టెంబరు, సెలవు రోజు.
టికెట్ కొన్నాను. అక్కర్లేదు, అయినా కొన్నాను.
బోర్డు చెప్పిన నలభై నిమిషాలు
క్లచ్ తొక్కి తొక్కి అరిగిన ఎడమ మోకాలితో
గంటా పది.
చివరి గుట్ట ఎక్కి నిలబడితే
లోతు వైపు నీలం,
ఒడ్డు వైపు, గీత గీసినట్టు, ఆకుపచ్చ.

ఆ పిల్లకి రంగు అయిపోలేదు.

మోకాళ్ళ దాకా దిగేసరికి
మా నాన్న తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.
నడుము దగ్గర కాసేపు ఆగాను,
ఎదురుగా లారీ వస్తే ఆగినట్టు.
తర్వాత మెడ వదిలేశాను.
చెవులు మునిగాయి.
ఇరవై రెండేళ్ళుగా తలలో తిరుగుతూనే ఉన్న ఇంజను
ఆగింది.
దాని వెనకాల నా గుండె,
పక్కింట్లో ఎవరో కట్టెలు కొడుతున్నట్టు.
పైన ఒక డేగ,
దానికీ తొందరలేదు.

ఐదింటి బస్సు.
సీటు ముందు ఒక్క క్షణం తటపటాయించి
తడిగానే కూర్చున్నాను.
కొత్త డ్రైవరు సెవెరీనా అద్దంలోంచి చూసింది,
ఏదో అనబోయి, గేరు మార్చింది.
ఐదో మలుపు దగ్గర
నా కుడిచెయ్యి, దానంతటదే,
హారన్ కోసం గాలిలో వెతికింది.